నారుకు ఇవ్వని నాలుగు రోజులు

డిసెంబరు, మంగళవారం

శామీర్‌పేట ల్యాబ్ నుంచి ఇంటికి వచ్చినా ఒళ్ళు మండుతూనే ఉంది. ఇరవై రోజులు నేను పెంచిన వరి నారు ఈ ఉదయానికి ట్రేలలోనే వాలిపోయింది. పిండిని చక్కెరగా మార్చే జన్యువు బలంగా ఉన్న నారు అది. ఆ చక్కెరే ఆకును చలి నుంచి కాపాడుతుంది. కానీ అది తయారు కావాలంటే ముందు నాలుగు రోజులు కొద్దిపాటి చలి తగలాలి.

గురువారం వచ్చే విజిటర్లకు ఫలితం చూపించాలని మా ల్యాబ్ సారు మొన్న ట్రేలను నేరుగా నాలుగు డిగ్రీల గదిలో పెట్టించారు. నేను వద్దన్నాను.

"ఏం గాదమ్మా, జీన్ ఉన్నది గదా" అన్నారు.

ఈరోజేమో రిజిస్టరులో 'జన్యువు పనిచేయలేదు' అని ఆయనే రాసి, నన్ను సంతకం పెట్టమన్నారు. ఆ ఒక్క మాటతో ఈ రకం మీద పని ఆగిపోతుంది.

అన్నం తింటూ బాపుకు చెప్పాను. గౌడవెల్లిలో ఏటా యాసంగి పంటకు, ఈ చలికాలంలోనే, నారు పోసే మనిషి.

"ఒక్కపారే గంత సలిల వెడ్తె ఏదన్న సస్తది బిడ్డా. అలవాటు గానియ్యాలె గదా."

ఇది సారుకు తెలియదా? తెలుసు. నా మంటంతా అదే.

సాయంత్రం సారు వెళ్ళాక సంతకం పెట్టే వచ్చాను. దాని పైన 'నాలుగు రోజులు ఇవ్వలేదు' అని కూడా రాశాను. రేపు చూసి ఏమంటారో... పెన్సిలుతో మాత్రం రాయలేదు.