బొట్టు పెట్టిన తుపాకి

సిద్దిపేట
దసరా మరునాడు, 1944

చిరంజీవి దత్తాత్రికి నీ బావ కాశీనాథం ఆశీర్వదించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం, ఒక్క జొన్నచేను తప్ప.

హైదరాబాదులో నువ్వు కొని పంపిన తుపాకి పండుగకు ముందే బస్సులో చేరింది. నిన్న ఆయుధపూజలో పెట్టి పసుపు, కుంకుమ, బంతిపూల దండతో ఘనంగా పూజించాం. రాత్రికి ధూళిమిట్ట చేనుకు పోయి మంచె ఎక్కాను. అడవిపందులు వచ్చాయి. ట్రిగ్గర్ నొక్కితే కదలలేదు. నా కళ్ల ముందే ఒక మూల తిని, తొక్కి, తీరికగా వెళ్లిపోయాయి. కావలి ఐలవ్వ కింది నుంచి, "సావుకారీ, దండ తీసి కాల్చు, సిగ్గువడుతుందేమో" అన్నది.

ఈ చేను పోతే ఏడాది గింజలు పోయినట్టే. సర్కారుకు లెవీ ధాన్యం మాత్రం ఇవ్వక తప్పదు. కూర్చుంటే లేవాలని, లేస్తే చేనుకు పోవాలని ఉంది. ఈ ధ్యాసలో పొద్దున మన బట్టల దుకాణంలో గిరాకికి గజం బదులు రెండు గజాల బట్ట చింపాను. ఆ తుపాకుల దుకాణం వాణ్ణి నిలదీయి.

ఇట్లు,
నిద్ర లేని నీ బావ

తా.క. : తమ్మీ, నేను మీ అక్క రాధాబాయిని. పోస్టు డబ్బాల వెయ్యమని ఉత్తరం నాకే ఇస్తడు గనుక కింద రాస్తున్న. ఆ తుపాకి నా కడియాలమ్మి కొన్నది. జొన్నలు ఇంటికి రాకుంటే తుపాకి వాపసు పోవాలె, కడియాలు రావాలె. మీ బావకు చెప్పిన. వినవడనట్టు తుపాకి తుడుస్తుండు.

హైదరాబాదు

పూజ్యులు బావగారికి దత్తాత్రి నమస్కారాలు.

దుకాణానికి పోయి గట్టిగానే అరిచాను. జనం పోగయ్యారు. "నేను కాల్చి చూసే ఇచ్చిన. మీవాళ్లు దాన్ని ఏం జేసిన్రు?" అని దుకాణదారు ఎదురు అడిగాడు. "మా బావ పుట్టినకాడికెల్లి తుపాకి ముట్టలే, ఎట్ల చెడగొడ్తడు?" అన్నాను. ఎందుకో అందరూ నవ్వారు. నిజం రాయండి. దానికి నీళ్లు తగిలాయా?

ఇట్లు,
మీ పక్షాన మాటపడిన దత్తాత్రి

తా.క. : అక్కా, కడియాల సంగతి ముందే చెబితే ఇంకా చవకది కొనేవాణ్ణి. పేలకపోవడానికి అది చాలేది.

సిద్దిపేట

చిరంజీవి దత్తాత్రికి ఆశీస్సులు.

తుపాకికి నీళ్లు ఒక్క చుక్క తగలలేదు. పూజలో దాని మీద కొబ్బరికాయ కొట్టాం. తగిలినవి కొబ్బరినీళ్లు. అవి నీళ్ల లెక్కలోకి రావు.

ఇప్పుడు కొత్త బాధ మొదలైంది. తుపాకి సంగతి ఊరంతా పాకింది. పొద్దుగూకితే జనం సద్దులు కట్టుకొని చేనుకు వస్తున్నారు. "ఇయ్యాల పేల్తదా, పేలదా?" అని బీడీకట్టల పందేలు. నేను ట్రిగ్గర్ మీద వేలు పెట్టినప్పుడల్లా దుబ్బయ్య డప్పు కొడుతున్నాడు. ఈ గోలకు ఒక్క పందీ దగ్గరికి రావడం లేదు. ఇట్లయితే షికారు ఎట్లా? బాగుచేసే మిస్త్రీని వెంటనే పంపు.

ఇట్లు,
పందుల కోసం ఎదురుచూసే నీ బావ

తా.క. : తమ్మీ, దసరా రాత్రి సంది చేన్ల ఒక్క కంకి పోలే. మీ బావనే, పందులు వస్తలేవని బువ్వ తింటలేడు.

హైదరాబాదు

పూజ్యులు బావగారికి నమస్కారాలు.

ఈ ఉత్తరం తెచ్చినవాడే మిస్త్రీ. అతనికి తుపాకి ఇవ్వండి. పందులే రాకపోతే తుపాకికి పెట్టిన సొమ్ము దండుగ అని నాకూ దిగులు పట్టుకుంది. దుకాణదారును ఉపాయం అడిగాను. మంచె కింద మక్కకంకులు చల్లితే తప్పక వస్తాయట.

ఇట్లు,
దత్తాత్రి

తా.క. : మిస్త్రీకి బొట్టు పెట్టినా పరవాలేదు. కొబ్బరికాయ మాత్రం దూరంగా కొట్టండి.

సిద్దిపేట

చిరంజీవి దత్తాత్రికి ఆశీస్సులు.

మిస్త్రీ బాగుచేసి వెళ్లాడు. తుపాకి పేలింది. ఐలవ్వ నీళ్లకుండకు తగిలింది. జనం, "పేలింది గద, ఇగ జూసేదేముంది" అని ఇళ్లకు పోయారు. మరునాడు నీ ఉపాయం ప్రకారం కంకులు చల్లి ఒక్కణ్ణే కూర్చున్నాను. పందులు వచ్చాయి. మంచె కిందికే వచ్చాయి. కిందికి కాలుద్దామంటే చిల్లు పడేది నా మంచెకే. కంకులు అయిపోయాక జొన్న మీద పడ్డాయి. పైకి కాల్చాను. తలెత్తి చూసి, మళ్లీ తిన్నాయి.

ఆ తెల్లవారి నుంచి తుపాకి మళ్లీ మొరాయించింది. జనం మళ్లీ వచ్చారు, పందెం పెంచి. ఆ గోలలోనే కోత అయిపోయింది. జొన్న ఇల్లు చేరింది. లెవీ పోను ఏడాదికి సరిపోతుంది. కానీ ఒక్క పందినీ కొట్టలేదన్న బాధ నన్ను నిలవనియ్యడం లేదు. పక్క చేను లక్ష్మీరాజం కూడా, "సావుకారీ, నీ తుపాకితోని మా చేన్ల గూడ కూసో, కిరాయి ఇస్త" అంటున్నాడు. నా గురి మీద అతనికి అంత నమ్మకం. మిస్త్రీని తొందరగా పంపు.

ఇట్లు,
నీ బావ, షికారి కాశీనాథం

తా.క. : తమ్మీ, మిస్త్రీని పంపకు. రెండో కొబ్బరికాయ నేనే కొట్టిన. ఈసారి నీళ్లన్ని సక్కగ తుపాకి లోపలికే వోసిన. నా కడియాలు చేతికున్నప్పుడు ఇంత అక్కెరకు రాలే. లక్ష్మీరాజం కొబ్బరికాయ తనే తెచ్చుకుంటడట.