బస్సులో వచ్చిన నెత్తురు

9 జూన్, సోమవారం

జర్నల్ వాళ్ళు మా పేపర్ అంగీకరించారు. ఆఫళే సర్ స్వయంగా పేఢాల డబ్బా పట్టుకుని టేబుల్ టేబుల్‌కీ తిరిగారు. నా నోట్లో ఒకటి కుక్కి, వైజూ, నీ కోడ్‌కి నూటికి తొంభై ఏడు, ఇక మా బయాలజీ వాళ్ళం దుకాణం కట్టేసుకోవడమే అన్నారు. ఆయన మా డైరెక్టర్ కాబట్టి అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. పేఢా మరీ తీపి.

ఏం చేశామో ఒకసారి రాసి చూసుకుంటాను. పుట్టిన కొద్ది రోజుల్లో పిల్లల నెత్తురులో ఇన్‌ఫెక్షన్ పాకితే కనిపెట్టడం కష్టం. నెత్తురులో క్రిములు పెరుగుతాయేమో చూసే కల్చర్ రిపోర్టుకి మూడు రోజులు పడుతుంది. ఈలోపు పిల్ల పోవచ్చు. లేదా ఏ జబ్బూ లేని పిల్ల మూడు రోజులు సూదులు పొడిపించుకోవచ్చు. మా పద్ధతిలో కొద్దిగా నెత్తురు తీసి, అందులో ఏ జీన్లు ఎంత పని చేస్తున్నాయో మెషీన్ కొలుస్తుంది. ఆ అంకెలు చూసి నా ప్రోగ్రాం జబ్బు ఉందో లేదో రెండు గంటల్లో చెబుతుంది. జబ్బు పిల్లల నెత్తురు నూట పది ట్యూబులు, సోలాపూర్ అవతల ఒక తాలూకా ఆసుపత్రి నుంచి వచ్చాయి. ఆరోగ్యంగా ఉన్న పిల్లలవి నూట ఇరవై, పుణెలోనే, మా గేటు ఎదురుగా ఉన్న ప్రసూతి ఆసుపత్రి నుంచి. ఏది జబ్బో ఏది కాదో ప్రోగ్రాంకి నేర్పింది నేను.

జులై ఒకటిన ఆ తాలూకా ఆసుపత్రిలోనే మెషీన్ పెడతారు. అది జబ్బు లేదు అంటే పిల్లని ఇంటికి పంపేస్తారు.

11 జూన్

నా జన్మలో దేనికీ తొంభై ఏడు రాలేదు. దీనికెలా వచ్చింది?

13 జూన్, శుక్రవారం, మధ్యాహ్నం

క్యాంటీన్‌లో పోపట్‌రావు కనిపించాడు. ఆ తాలూకా ఆసుపత్రి అటెండరు. యాభై ఆరేళ్ళ మనిషి. మూడేళ్ళుగా నెలకి రెండుసార్లు నెత్తురు డబ్బా పట్టుకుని ఎర్రబస్సులో ఏడు గంటలు ప్రయాణం చేసి వస్తున్నాడు. అటుకుల పోహే తింటూ నడుం పట్టుకున్నాడు. నన్ను అక్కా అన్నట్టు తాయీ అంటాడు. తాయీ, మీ పేపర్లో నా నడుం ఫొటో వేయించండి, అసలు పరిశోధన చేసింది అదే అన్నాడు. జనవరిలో ఒకసారి టెంభూర్ణి దగ్గర టైరు పేలి నాలుగు గంటలు రోడ్డు పక్కనే కూర్చున్నాడట. ఐసు ఎప్పుడూ సగం దారిలోనే నీళ్ళయిపోతుందట. అయినా పసిపిల్లల నెత్తురు కదా తాయీ, డబ్బా కింద పెట్టలేదు, ఒళ్ళోనే పెట్టుకున్నా అన్నాడు.

సీట్లోకి వచ్చి ఊరికే ఆ తేదీ వెతికాను. ఆ రోజు వచ్చిన ట్యూబులు నాలుగు. మొత్తం నూట పదిలో నా ప్రోగ్రాం అన్నిటికంటే ఎక్కువ జబ్బు మార్కులు వేసిన మొదటి నాలుగూ అవే.

14 జూన్, శనివారం

ప్రోగ్రాం ఎంచుకున్న ముప్పై ఎనిమిది జీన్ల జాబితా ముందేసుకున్నాను. రోగంతో పోరాడే జీన్లు ఉండాలి. ఆరో ఏడో ఉన్నాయి. మిగతావన్నీ ట్యూబులో నిలవున్న నెత్తురులో పెరిగేవి, తరిగేవి. ఒంట్లోంచి బయటికొచ్చాక కూడా నెత్తురులో కణాలు కొంతసేపు బతికే ఉంటాయి. వేడికి, కుదుపుకి, ఊపిరాడక అల్లాడతాయి. ఈ సంగతి పాత పేపర్లలోనే ఉంది. వెతకడానికి నాకు పావుగంట పట్టింది.

అంటే నా ప్రోగ్రాం జబ్బుని పట్టుకోలేదు. బస్సుని పట్టుకుంది. ఏడు గంటలు బస్సులో వచ్చిన నెత్తురేదో, రోడ్డు దాటి పది నిమిషాల్లో వచ్చిన నెత్తురేదో చెబుతోంది. పరీక్ష కోసం విడిగా దాచిన ట్యూబులూ ఆ బస్సులోనే వచ్చాయి కనుక పరీక్షలోనూ పాసైంది.

ఈ జాబితా మా బయాలజీ వాళ్ళెవరూ చూడలేదా? చూశారు. కంప్యూటర్ చెప్పింది కదా అనుకున్నారు. నేను, బయాలజీ వాళ్ళు చూశారు కదా అనుకున్నాను. మూడేళ్ళు ఒకరి భుజం మీద ఒకరు తల పెట్టుకుని నిద్రపోయాం.

ఆ తాలూకాలో మెషీన్ వార్డులోనే ఉంటుంది. నెత్తురు అప్పటికప్పుడు తీసి పెడతారు. అంతా తాజా నెత్తురే. జబ్బున్న పిల్లకి కూడా లేదు అనే వస్తుంది.

17 జూన్, మంగళవారం

పొద్దున్న పదింటికి డిస్పెన్సరీ సిస్టర్‌తో నా చేతి నుంచే రెండు ట్యూబుల నెత్తురు తీయించుకున్నాను. ఒకటి వెంటనే మా ల్యాబ్‌లో ఉన్న మెషీన్‌లో పెట్టాం. రెండోది కిటికీ పక్కన బల్ల మీద ఉంచాం. ప్రోగ్రాం పసిపిల్లల కోసం చేసింది, నేను నలభై ఆరేళ్ళదాన్ని, ఇది సరైన పరీక్ష కాదని నాకూ తెలుసు. అయినా చూడాలనిపించింది.

మొదటి ట్యూబు: జబ్బు లేదు. సాయంత్రం ఐదింటికి పెట్టిన రెండో ట్యూబు: ఉంది, నూటికి తొంభై ఎనిమిది.

కేతకి నా దగ్గర పీహెచ్‌డీ చేస్తోంది. ఈ ప్రోగ్రామే దాని థీసిస్. స్క్రీన్ చూసింది. తర్వాత, నంబరు బావుంటే వెనక్కి తిరిగి చూడొద్దని మీరే కదా మేడమ్ చెప్పారు అంది. ఎత్తిపొడుపు కూడా కాదు. నిజంగానే గుర్తు చేసింది.

చెప్పాను. ఆ రోజు నేను కట్టుకున్న చీర కూడా గుర్తుంది.

18 జూన్, బుధవారం

ఆఫళే సర్‌కి అంతా చెప్పాను. ఆయన ఆశ్చర్యపోలేదు. తెలుసు అనలేదు, తెలియదనీ అనలేదు. టీ తెప్పించారు. మీగడ మీసానికి అంటుకుంటే తుడుచుకోకుండానే మాట్లాడారు. ప్రతి డేటాలోనూ ఏదో ఒక మచ్చ ఉంటుంది వైజూ, గోకితే పుండవుతుంది అన్నారు. తర్వాత, ఒక పని చేద్దాం అన్నారు. అక్కడ కూడా నెత్తురు తీశాక ఏడు గంటలు బల్ల మీద ఉంచి అప్పుడు మెషీన్‌లో పెట్టమందాం. ప్రోటోకాల్లో ఒక్క లైను చాలు, పరిస్థితులు సమానమైపోతాయి.

అప్పుడు ఆరోగ్యంగా ఉన్న పిల్లలకి కూడా జబ్బు ఉందనే వస్తుంది కదా సర్ అన్నాను. మంచిదేగా అన్నారు. ఎవరినీ ఇంటికి పంపరు, ఎవరూ చావరు, మనకి మాట రాదు. నాలుగు సూదులు ఎక్కువ పొడిస్తే పిల్లలకేం కాదు, మేమంతా అలా పెరిగినవాళ్ళమే.

నేను లేస్తుంటే, ఆ కోడ్ మీద పేరు నీదే సుమా అన్నారు. బెదిరింపులా కాదు. చాలా ఆప్యాయంగా.

19 జూన్

ఆ మీగడ కళ్ళ ముందు నుంచి పోవడం లేదు. టీ తాగలేకపోతున్నాను.

20 జూన్, శుక్రవారం

పంఢరపురానికి నడిచే భక్తుల పల్లకీలు, పాలఖీలు, ఊళ్ళోకి వచ్చాయి. రోడ్లన్నీ మూసేశారు, ఇన్‌స్టిట్యూట్‌కి సెలవు. జర్నల్‌కి ఒక ఉత్తరం రాశాను, పేపర్ వెనక్కి తీసుకుంటామని. పంపలేదు. మళ్ళీ రాశాను. రెండోదాంట్లో తప్పు కొంచెం చిన్నదిగా కనిపిస్తోంది. మూడోదాంట్లో అసలు తప్పే లేనట్టుంది. ఎంత బాగా రాస్తానో.

21 జూన్

జులై ఒకటి దాకా టైముంది. సోమవారం చూద్దాం.

23 జూన్, సోమవారం

డాక్టర్ బిరాజ్‌దార్‌కి ఫోన్ చేశాను. ఆ తాలూకా ఆసుపత్రిలో పిల్లల వార్డు ఆయనదే. ఎప్పుడూ ఫోన్ ఎత్తగానే జోకు వేస్తారు. ఇవాళా, ఏం మేడమ్, మీ మెషీన్ మా ఆవిడకంటే గట్టిగా కాదు అంటోంది అన్నారు.

వాళ్ళకి ఇవ్వాల్సిన మెషీన్ అక్కడికి పన్నెండునే వెళ్ళిపోయింది. పదహారు నుంచి వాడుతున్నారు. ప్రారంభోత్సవం నాడు తడబడకుండా ముందే చేయి తిరగనీ అని ఆఫళే సర్ పంపించారట. ఏడు గంటల లైను ఇంకా వాళ్ళకి చేరలేదు. అనుమానంతో పరీక్ష చేసిన పదకొండు మందికీ లేదు అనే వచ్చింది. పదకొండు మందినీ ఇంటికి పంపేశారు.

ఉన్నది ఉన్నట్టు చెప్పాను. బస్సు, నెత్తురు, నా చేయి, అన్నీ. ఆయన తిట్టలేదు. ఇరవై ఏళ్ళు పిల్ల పొట్ట మీద చెయ్యి పెట్టి చెప్పేవాణ్ణి మేడమ్, మీ తొంభై ఏడు విన్నాక ఆ చెయ్యి జేబులో పెట్టుకున్నాను అన్నారు. ఫోన్‌లోనే ప్లగ్ పీకమని ఎవరితోనో అరవడం వినిపించింది.

తర్వాత జాబితా చదివారు. పేర్లు లేవు. ఫలానావిడ బిడ్డ, ఫలానావిడ బిడ్డ అని తల్లుల పేర్లే. ఎవరెవరిని ఎప్పుడు పంపారో తేదీలు అడిగాను. అడగకుండా ఉండాల్సింది. నేను ఉత్తరాలు దిద్దుకుంటూ కూర్చున్న మూడు రోజుల్లో ఐదుగురు.

సాయంత్రం, ఐదింటికి

జర్నల్‌కి మొదటి ఉత్తరమే పంపాను. కేతకి తన పేరు కూడా కింద పెట్టమంది. థీసిస్ సంగతి అడిగితే, ఆ థీసిస్ పట్టుకుని ఎవరి ముందు నిలబడను మేడమ్ అంది.

25 జూన్, తాలూకా ఆసుపత్రి గెస్ట్‌రూం

పోపట్‌రావు, ఒక నర్సు, నేను. ఇంటికి పంపేసిన పిల్లల్ని వెతుక్కుంటూ ఆసుపత్రి జీపులో ఇల్లిల్లూ తిరుగుతున్నాం. నేను వెళ్ళి చేసేదేం లేదు, నాకు థర్మామీటర్ చూడడం కూడా సరిగ్గా రాదు. బిరాజ్‌దార్ వద్దనలేదు. చూడండి మేడమ్, మీ శాంపిళ్ళు ఎలా ఉంటాయో అన్నారు.

ఈ రోజు ఆరు ఇళ్ళు. ఆరుగురూ బాగున్నారు. ప్రతి ఇంట్లో టీ ఇచ్చారు. పుణె నుంచి ఇంత పెద్ద డాక్టరు మా పిల్లని చూడ్డానికి వచ్చిందని ఒక ముసలమ్మ నా కాళ్ళకి వంగబోయింది. డాక్టర్ని కానని చెప్పాల్సింది. వెనక్కి జరిగాను, అంతే.

27 జూన్

పదిమంది దొరికారు. ఇద్దరిని వార్డులో చేర్చారు, భయం లేదట. పదకొండోది సువర్ణ బిడ్డ, ఆడపిల్ల. శనివారం ఇరవై ఒకటిన ఇంటికి పంపారు. ఫోన్ స్విచాఫ్. చెరకు తోటల మధ్య కట్టుకున్న ఇల్లు, రేపు దారి కనుక్కుని తీసుకెళ్తానని పోపట్‌రావు అన్నాడు.

28 జూన్, శనివారం

మేం వెళ్ళేసరికి ఇంటి ముందు చెప్పుల గుట్ట. పన్నెండో రోజు, పేరు పెడుతున్నారు. ఊయలకి బంతిపూలు కట్టారు. ఆడవాళ్ళు చుట్టూ కూర్చుని పాడుతున్నారు. చెవిలో పేరు చెప్పాల్సింది మేనత్త. ఉన్న ఒక్క మేనత్తా పంఢరపురానికి పాలఖీతో నడిచి వెళ్ళిపోయిందట. నన్ను చూసి సువర్ణ అత్తగారు, దేవుడే పంపాడు, నువ్వే చెప్పు తల్లీ అని పిల్లని తెచ్చి నా చేతుల్లో పెట్టింది.

బంగారు తల్లి, రెండు రోజులుగా ఏడుపన్నదే లేదు, ఒకటే నిద్ర, పాలకి కూడా లేవదు అని ఒకామె మెచ్చుకుంది. ఎవరి పోలికో, ఈ ఇంట్లో ఇంత నెమ్మది ఎవరికీ లేదని ఇంకొకామె అంది. అందరూ నవ్వారు.

పాదాలు చల్లగా ఉన్నాయి. పొట్ట కాలిపోతోంది. జబ్బని తెలియడానికి ప్రోగ్రాం అక్కర్లేదు.

పేరు చెప్పేటప్పుడు చెప్పేవాళ్ళ వీపు మీద తలా ఒక గుద్దు వేయడం ఇక్కడి వేడుక. నేను పిల్ల చెవి దగ్గరికి వంగగానే వెనక నుంచి గుద్దులు మొదలయ్యాయి. పేరేమిటో నాకు ఎవరూ చెప్పలేదింకా. నేను అలాగే వంగి ఉన్నాను. గుద్దులు పడుతూనే ఉన్నాయి. నర్సు వచ్చి పిల్లని లాక్కుని జీపు వైపు పరిగెత్తింది.

30 జూన్, సోమవారం

పిల్ల ఐసీయూలో ఉంది. బిరాజ్‌దార్ రెండు రోజులుగా ఇంటికెళ్ళలేదు. నాతో మాట్లాడడం లేదు, పక్కన కుర్చీ మాత్రం వేయించారు. సువర్ణకి నిన్న అంతా చెప్పాను, మెషీన్ నాదేనని. ఆమెకి అర్థమైందో లేదో. మీరు రాకపోతే ఏమైపోయేదో తాయీ అంది. అంతకంటే ఒక లెంపకాయ కొడితే బాగుండేది.

మధ్యాహ్నం ఆఫళే సర్ మెసేజ్. ఉత్తరం గురించి ఒక్క ముక్క లేదు. ఆ పిల్ల నెత్తురు ఒక ట్యూబు అక్కడే తాజాగా తీసి మెషీన్‌లో పెట్టించు వైజూ, నిజమైన జబ్బు, తాజా నెత్తురు, మనకి లేనిది సరిగ్గా అదే, రెండో వెర్షన్‌కి పునాది అని రాశారు.

ఫోన్ ఆపేసి సంచి అడుగున దోపాను.

ఆయన మీద కోపంతో కాదు. శనివారం జీపులో, పిల్ల నర్సు ఒళ్ళో మూలుగుతుంటే, ఇదే ఆలోచన నాకు ముందే వచ్చింది. తాజా నెత్తురు, నిజమైన జబ్బు, ఒక్క ట్యూబు అని.

6 జులై, ఆదివారం

పిల్ల పాలు తాగింది. నెత్తురు నేను అడగలేదు. అడిగితే ఇచ్చేవాళ్ళే.