గట్టు మీద వయ్యారిభామ

ఆగస్టు 27
రెండు రోజులుగా మిరప చేలో గట్లు శుభ్రం చేస్తున్నా. నడుం ఎత్తు వయ్యారిభామ, మీద తెల్లటి పూత. ఒట్టి చేతులతోనే పీకి కుప్ప వేశా. ఇప్పుడు ముఖం మండుతోంది. ఎండేమో.

ఆగస్టు 29
ఎండ కాదు. రెప్పలు ఉబ్బి కళ్ళు సగమే తెరుచుకుంటున్నాయి. మెడ చుట్టూ, మోచేతి మడతల్లో ఎర్రటి పొక్కులు. గోకితే రసి. నాతో కలుపు తీసే సుబ్బులక్క చూసి— "సర్పేనే ఇది! కుమ్మరాయన చేత పొక్కుల పక్కన జేగురుమన్నుతో సింహం బొమ్మ వేయించుకో, తగ్గుద్ది." వేయించుకున్నా. వేపాకు నూరి పట్టించా. మండింది... అంతే.

సెప్టెంబరు 2
మందుల షాపులో అడిగితే ఏదో ట్యూబు ఇచ్చాడు. రెండు పూటలకే చల్లబడింది. బతికిపోయా. రేపు చేలోకి.

సెప్టెంబరు 4
బతికిపోలేదు. ఇంతకింత అయింది.

సెప్టెంబరు 8
లల్లికి ఎనిమిదేళ్ళు. అన్నం కలిపి ముద్ద పెట్టబోతే నా బిడ్డ నోరు తెరవలేదు. నా చేతుల వంక చూస్తూ— "నేను తింటాలేమ్మా." మీ అమ్మకి అంటురోగమని బడిలో ఎవరో అన్నారట. ముద్ద కంచంలో వదిలి దొడ్లోకి వెళ్ళా. కన్నీళ్ళు తగిలిన చోటల్లా మంట. ఏడవడానికి కూడా లేదు.

సెప్టెంబరు 9
మా ఆయన రమణ మార్టూరులో రాళ్ళ పాలిషింగు పని నుంచి వచ్చి, చెప్పులు విడవకుండానే— "కౌలుకిచ్చేద్దాం. నీకెందుకీ చాకిరీ?"
నాన్న పోయేముందు నా పేరున రాసిన ఎకరన్నర. పెళ్ళయిన పదేళ్ళూ ఎవరెవరో చేశారు. మొగుడి మాట కాదని ఈ ఏడే నేను దిగా. నా చేత్తో నాటిన మొదటి నారు. ఇవ్వను.

సెప్టెంబరు 13
బ్రాడీపేట. చర్మం డాక్టరమ్మ. కొంగు తీయించి చూసింది. "జాకెట్టు కప్పిన చోట ఏమీ లేదు చూశారా? గాలి తగిలే చోటే వచ్చింది. ఏం మొక్క పీకారు?" ఫోన్లో ఫొటో చూపించింది. అదే తెల్లపూత. ముట్టుకోనక్కర్లేదట, పుప్పొడి గాల్లో వచ్చి తగిలినా చాలట.
"పాపకి అంటుకుంటుందా అండీ?"
"ఒకరి నుంచి ఒకరికి అంటుకోదమ్మా."
మళ్ళీ అడిగా. మళ్ళీ చెప్పింది, విసుక్కోకుండా.
షాపు ట్యూబు ఆపేయమంది. తను రాసిన మందు చెప్పినన్ని రోజులే పూయాలి. కళ్ళ దగ్గరకి వేరేది. దురదకి మాత్ర. చేలో నుంచి రాగానే సబ్బుతో స్నానం, ఆ బట్టలు విడిగా ఉతకాలి. "అసలు మందు, దానికి దూరంగా ఉండటమే."
దూరంగా అంటే... ఎక్కడికి?

సెప్టెంబరు 14
లల్లికి చెప్పా. నమ్మిందో లేదో. పక్కనే కూర్చుంది, తగలకుండా.

సెప్టెంబరు 21
వాన పడి నేల మెత్తబడింది. రమణ సెలవు పెట్టాడు. గ్లౌజులు, ఫుల్‌హ్యాండ్స్ చొక్కా వేసుకుని, సుబ్బులక్కకీ ఓ జత గ్లౌజులిచ్చి, ఇద్దరూ మా గట్ల మీదున్నదంతా వేళ్ళతో సహా పీకేశారు. ఇంటికొచ్చాక నేను ఎదురెళ్తే వెనక్కి జరిగాడు— "ఆగు, స్నానం చేసొస్తా." ఈ మనిషి మీద కోపం నిలవదు.

సెప్టెంబరు 29
అద్దంలో నా ముఖమే. పొట్టు రాలుతోంది. లల్లి నా చేతి ముద్ద తిన్నది. ఇంకోటి అడిగింది.

అక్టోబరు 5
పక్క బీడంతా వయ్యారిభామే. గాలి అటునుంచే. నిండా కప్పుకుని చేలో పావుగంట ఉన్నా, సాయంత్రానికి కళ్ళు మూసుకుపోయాయి. బీడాయన్ని రమణ అడిగితే— "మీ ఆవిడ ఒక్కదాని కోసం దున్నించాలా ఏంటయ్యా?" రోడ్డు పక్కన అదే. కాలవ గట్టు మీద అదే. ఎంతని పీకుతాం?

అక్టోబరు 6
నిద్రలో గోకేశా. తెల్లారి చూస్తే దిండు మీద రక్తం. చావాలని కాదు... ఈ చర్మం ఒలిచి అవతల పారేయాలని ఉంది.

అక్టోబరు 10
మళ్ళీ డాక్టరమ్మ. ఈసారి ఇంకా గట్టి బిళ్ళలు, వాటికి ముందు రక్తపరీక్షలు. "ఆ చేలో పని మీకు పడదమ్మా. కొందరిని ఏళ్ళ తరబడి వదలదు." మెల్లగానే చెప్పింది. తిరుగు బస్సు కిక్కిరిసి ఉంది. నా పక్క సీటు మాత్రం ఖాళీ.

అక్టోబరు 12
సుబ్బులక్క వాకిట్లోంచే కేక— "ఏమేవ్, నీ చేను పూతకొచ్చిందే! చూడాలి నువ్వు!"
చూడాలి నేను.

అక్టోబరు 14
కౌలుకి చేసే పెద్దాయన వచ్చాడు. రమణ పిలవలేదు. నిన్న నేనే కబురు పెట్టా. వరండాలో కూర్చుని అడిగాడు— "ఎన్నేళ్ళకిస్తావమ్మా?" ఇప్పుడే వస్తానని లోపలికొచ్చి ఈ పుస్తకం తెరిచా. రమణ వెనకే వచ్చి— "నీ పొలం. నీ ఇష్టం." ఇన్నాళ్ళలో ఈ మాట అనడం ఇదే మొదలు. ఇవాళే అనాలా?
లల్లి ఆయనకి రెండోసారి టీ ఇచ్చొచ్చింది. "అమ్మా, ఆ తాత లేస్తున్నాడు."
నేనింకా రాస్తూనే ఉన్నా.