ఉత్త షర్బత్

హైదరాబాద్

శంకరప్ప మామకు, మేనకోడలు స్వరూపరాణి నమస్కారాలు.

ఫోన్‌లో చెప్తే "సరే బిడ్డా సరే" అని పెట్టేస్తావు, అందుకే రాసి పంపుతున్నా. నా సైకాలజీ ఎం.ఏ. ప్రాజెక్టుకు నీ గిర్ని కావాలి. జొన్నలు పట్టించుకునేవాళ్లు పిండి అయ్యేదాకా ఎట్లాగూ కూర్చునే ఉంటారు కదా. వాళ్లతో చిట్టీ తీయించు. ఒక చిట్టీవాళ్లకు నిమ్మ షర్బత్ ఇచ్చి "ఇది జ్ఞాపకశక్తి పెంచుతుంది" అను. రెండో చిట్టీవాళ్లకు అదే జగ్గులోంచి పోసి "ఇది ఉత్త షర్బత్" అను. తర్వాత నేను పంపిన మాటలు చదివి వినిపించి, ఎవరికి ఎన్ని గుర్తున్నాయో రాసుకో.

షర్బత్ ఒకటే, చెప్పే మాటే వేరు. నమ్మకంతో జ్ఞాపకం పెరుగుతుందా అన్నదే నా ప్రశ్న. ఉత్తది తాగినవాళ్లను కంట్రోల్ గ్రూప్ అంటారు, వాళ్లు లేకుంటే పోల్చి చూసుకోవడానికి ఏమీ ఉండదు. చిట్టీలో ఏది వస్తే అదే ఇవ్వు. ముఖం చూసి మార్చకు.

నీ మీదే భారం వేసిన,
స్వరూప

తా.క. సంగమ్మ అత్తకు అసలు సంగతి చెప్పకు. అత్తకు చెప్తే బస్టాండు మైకులో చెప్పినట్టే.

---

నారాయణఖేడ్

బిడ్డ స్వరూపకు మామ దీవెనలు.

నీ ప్రయోగం మంచిగనే మొదలైంది, నా ఇజ్జతే పోయింది. మా బిడ్డ కృప కొడుకుకు తొట్టెల పండుగ చేద్దామని, తారీఖు మాట్లాడనీకి మా వియ్యంకుడు ఈరయ్య కంగ్టి నుంచి వచ్చి గిర్ని కాడ కూసున్నడు. నలుగురిల ఆయనొక్కణ్ణి వదిలిపెడితే ఏం బాగుంటదని ఆయనతోని కూడా చిట్టీ తీయించిన. ఉత్తది వచ్చింది. పక్కనున్న మక్బూల్‌కు జ్ఞాపకశక్తిది వచ్చింది.

నువ్వు చెప్పినట్టే గ్లాసు చేతిల పెట్టి, "బావా, ఇది ఉత్త షర్బత్" అన్న. ఆయన మొహం మాడిపోయింది. గ్లాసు ముట్టకుండ కింద పెట్టి, తారీఖు మాట ఎత్తకుండ బస్సెక్కి పోయిండు. ఒక్క పంక్తిల కూసోబెట్టి మక్బూల్‌కు నెయ్యి, వియ్యంకునికి నీళ్లచారు పోసినట్టయింది గద బిడ్డా! సిగ్గుతోని బజార్ల తల ఎత్తుకోలేకపోతున్న. తాత లేకుండ తొట్టెల ఎట్ల అని కృప ఏడుస్తుంది. అందుకే తర్వాత వచ్చినోళ్లకు, చిట్టీ ఏదొచ్చినా సరే, అందరికీ జ్ఞాపకశక్తిదే అని చెప్పిన.

పరేషాన్‌ల ఉన్న
మీ మామ

తా.క. మక్బూల్‌కు మాటలన్నీ గుర్తున్నయి. పిండి డబ్బా మాత్రం ఇక్కడే మర్చిపోయిండు.

---

హైదరాబాద్

మామకు నమస్కారాలు.

నీ ఉత్తరం చదివి తల పట్టుకున్నా. అందరికీ ఒకే మాట చెప్తే, ఆ మాట వల్లే తేడా వచ్చిందని ఎట్లా తేలుస్తాం? కంది చేనంతా మందు కొట్టి, మందుతోనే కాసిందంటే నాగల్‌గిద్ద రైతులెవరైనా నమ్ముతారా? కొంత కొట్టకుండా వదలాలి కదా!

ఈసారి కొత్తవాళ్లను ఒక్కొక్కరినే విడిగా పిలువు. షర్బత్ నువ్వు ఇవ్వు, మాటలు వేరేవాళ్లు చదవాలి. ఎవరు ఏది తాగారో చదివేవాళ్లకు తెలియొద్దు. తెలిస్తే గొంతులోనే పక్షపాతం వస్తుంది. ఇంట్లో ఇంకెవరున్నారు, అత్తతోనే చదివించు.

ఈరయ్య పెదనాన్న అలిగింది నావల్లే. నాకూ సిగ్గుగానే ఉంది.

బతిమాలుకుంటున్న,
స్వరూప

తా.క. ఆయన ఇంటికి నువ్వే వెళ్లి మంచి షర్బత్ తాగించు. మర్యాదతో దిగని కోపం ఉండదు.

---

నారాయణఖేడ్

బిడ్డకు దీవెనలు.

మీ అత్త చాటున నిలబడి అంతా చూసిందట. ఉత్తది తాగినోళ్ల మీద పాపం జాలేసి, వాళ్లకు ఒక్కో మాట రెండుసార్లు చదివింది. గెలిచింది వాళ్లే. ఇగ ఊళ్లె ఒకటే లొల్లి! జొన్నలు లేనోళ్లు కూడా ఖాళీ సీసాలు పట్టుకొచ్చి "ఉత్తదే పొయ్యి" అంటున్నరు.

ఇంత గిరాకీ ఉన్నది గదా అని, డబల్ చక్కెర ఏసి క్యాన్ నిండ ఉత్తది పట్టుకొని కంగ్టి పోయిన. పక్కింటోళ్లు చూస్తుండంగ గ్లాసు నింపి, "తాగు బావా, ఇప్పుడందరూ గిదే అడుగుతున్నరు" అని నోటికాడ పెట్టిన. "నా ఇంటికొచ్చి నన్నే పరీక్ష పెడుతున్నవా?" అని లోపలికి పోయి తలుపేసుకున్నడు. తొట్టెలకు రానని కబురు పంపిండు. క్యాన్ మోసుకుంట బస్సుల నిలబడి వచ్చిన. అడిగినోళ్లకు ఏం చెప్పాలె?

మొహం చెల్లని
మీ మామ

తా.క. ఎవరూ తాగని జ్ఞాపకశక్తిది నేనే తాగుతున్న. కొత్తగ ఏం గుర్తుకొస్తలేదు, ఈరయ్య మొహం మాత్రం మర్చిపోలేకపోతున్న.

---

హైదరాబాద్

మామకు,

నీ ఉత్తరం మా గైడ్ గ్రేసమ్మ మేడమ్‌కు చదివి వినిపించా. నవ్వుతుందనుకున్నా. "వాళ్లకు నిజం ఎప్పుడు చెప్తావు?" అని అడిగింది. ప్రయోగం అయిపోగానే పాల్గొన్నవాళ్లకు అసలు సంగతి చెప్పాలి. అది మొదటి పాఠం. మార్కుల ధ్యాసలో అదే మర్చిపోయా.

రెండూ ఒకటే షర్బత్ అని గిర్ని కాడ అందరికీ చెప్పు. ముందు కంగ్టి వెళ్లు. తప్పు నాదని, క్షమించమన్నానని చెప్పు. పరీక్షలు లేకుంటే నేనే వచ్చి కాళ్లు పట్టుకునేదాన్ని. ప్రాజెక్టు పోతే పోనీ, మళ్లీ చేసుకుంటా. తొట్టెల ఆగొద్దు.

ముఖం దాచుకున్న,
స్వరూప

తా.క. ఈసారి ఏమీ తీసుకెళ్లకు. ఉత్త చేతులతో వెళ్లు.

---

నారాయణఖేడ్

బిడ్డకు దీవెనలు.

కంగ్టి పోయి అంతా చెప్పిన. ఈరయ్య బావ ఒక్కటే అడిగిండు: "రెండిట్ల చక్కెర ఉండెనా?" ఉండె బావా, రెండోసారి నీకోసమని డబల్ ఏసిన అన్న. ఆయన తల పట్టుకొని నవ్విండు. నవ్వుకుంటనే కళ్లు తుడుచుకున్నడు.

"నాకు షుగర్ బావా. దవాఖానల చెప్పిన్రు, ఇంట్ల కూడా ఎవరికీ చెప్పలే. చెప్తే తొట్టెల నాడు అందరికీ బెల్లం పోలెలు ఏసి, నా ముంగట ఉత్త రొట్టె పెడతరు. గిర్ని కాడ తాగితే పాణానికి కష్టం, తాగనంటే ఎందుకని అడుగుతరు. అందుకే లేచిపోయిన" అన్నడు.

చిట్టీ మీద అలుగుడు లేదు, మక్బూల్ మీద కుళ్లు లేదు. ఏ మాట గుర్తున్నదని ఊరందరినీ అడిగినం. ఎందుకు తాగలేదని ఆయనను ఒక్క మాట అడగలే. అన్నిటికన్న గదే నాకు సిగ్గయింది బిడ్డా. ప్రాజెక్టుల ఆయన పేరు రాయకు.

తొట్టెల అయిపోయింది. తాత చేతులతోనే పిల్లగాణ్ణి తొట్టెల వేసినం.

మనసు తేలికైన
మీ మామ

తా.క. సంగతి మీ అత్తకు చెప్పక తప్పలే. పుట్టి బుద్ధెరిగి మొదటిసారి నోరు మూసుకున్నది. ఆయనొక్కనికే వేరేగ పోస్తే నలుగురిల చిన్నబోతడని, వచ్చినోళ్లందరికీ చక్కెర లేని చాయ్ పోసింది. అందరూ మొహాలు వంకర పెట్టి మింగిన్రు, మర్యాదకు ఒక్కరూ నోరెత్తలే. బావ ఒక్కడే రెండోసారి పోయించుకొని, "మా చెల్లె చాయ్ అంటే గిట్లుండాలె" అన్నడు.