నీ జ్యామెట్రీ పరీక్ష నేను రాశాను

కోరా,

క్యాసరోల్ వంటకం ఫ్రిజ్‌లో ఉంది, వేడి చేసుకుని తిను. కుక్కను కాసేపు బయట తిప్పు. ఆ తర్వాతే కంప్యూటర్ తెరువు. అందులో నేను చేసిన పాడుపని ఒకటి కనబడుతుంది.

నిన్న నువ్వు ఈతకొలనులో డ్యూటీకి వెళ్ళాక, వేసవి కోర్సు గడువు దాటిపోతుందేమోనని భయపడి, ఆన్‌లైన్‌లో జ్యామెట్రీ పరీక్ష నీ పేరుతో నేనే రాసేశాను. ఇరవైకి ఆరు వచ్చాయి. హైస్కూల్లో ఇదే సబ్జెక్టులో నీకు డి గ్రేడు వచ్చిన రోజు, "బుర్ర పెడితే ఈ లెక్కలు ఎవరికైనా వస్తాయి" అని మీ అత్తయ్య ముందు నిన్ను చిన్నబుచ్చింది నేనే. నీకు మొహం చూపించలేకే ఇది రాసిపెట్టి పనికి పోతున్నాను.

పొద్దున మీ టీచర్ హాల్వర్సన్‌ గారికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ, "ఆ మార్కులు కొట్టేస్తాను. గురువారం కోరా వచ్చి నా ఎదురుగా రాయాలి. మీరు మాత్రం ఆ దరిదాపులకు రాకండి" అన్నారు. నా మూలంగా నీకు కాపలా పడింది తల్లీ.

ఆరింటికి ప్లాంటు నుంచి వస్తాను. నువ్వు ఎన్ని తిట్టినా వింటాను.

నాన్న

తా.క. పరీక్ష అయ్యాక నీ నోట్సు తెరిచాను. నేను తప్పు చేసిన లెక్కలు నువ్వు అందులో ఎప్పుడో సరిగ్గా చేసి పెట్టుకున్నావు.