‘మా’కూ ‘మన’కూ మధ్య

రాజమహేంద్రవరం, జూలై, సోమవారం రాత్రి

దైవశాస్త్ర పాఠశాల ఈ రోజు తెరిచాము. కొత్తవాళ్ళు పదకొండుమంది. వాళ్ళకు గదులు చూపించి, మూడు పాఠాలు చెప్పేసరికి గొంతు పోయింది.

సాయంత్రం ప్రార్థనలో, చేపలు పట్టేవాళ్ళ ఇంటినుంచి వచ్చిన యోహాను “ప్రభువా, మన పాపాలు క్షమించు” అన్నాడు. అందరూ నవ్వారు.

“మన అంటే దేవుణ్ణి కూడా పాపుల్లో కలిపినట్టే. మా అనాలి నాయనా” అన్నాను.

“మా అంటే ఆయన్ని వాకిట్లో నిలబెట్టినట్టుంటుందండి” అన్నాడు.

ప్రార్థన ముగించి అందరినీ భోజనానికి పంపేశాను.

నా భార్య సువార్తమ్మ పోయాక ఇంట్లో నా పక్కన మోకరించేవారు లేరు. ఇందాక ఇంటి ప్రార్థనలో అలవాటుగా “మా పాపాలు” అని ఆగిపోయాను. ఆ ‘మా’లో నేనొక్కణ్ణే ఉన్నాను.

మెల్లగా “మన” అన్నాను. ఆయనా నేనూ ఇద్దరమయ్యాము.

రేపు తరగతిలో మళ్ళీ ‘మా’ అనే నేర్పాలి.