యేసయ్య దేశపు అతిథి

పాస్టర్ జీవానందం గారికి వందనాలు.

మన సెమీ క్రిస్మస్ కోసం యూసుఫ్‌గూడ చౌరస్తాలో కట్టించిన ఫ్లెక్సీని దయచేసి ఈ సాయంత్రమే దింపించండి. మైత్రీవనంలో మా కోచింగ్ సెంటర్‌లో పాఠాలు చెప్పడానికి ఇజ్రాయెల్ నుంచి ఎలియాజర్ గారు వచ్చారు. యేసయ్య దేశపు మనిషి కదా అని నేను తొందరపడి ఆదివారం మన సభలో సాక్ష్యం చెప్పడానికి పిలిచాను. మీరేమో ఆయన ఫొటోను మీ ఫొటో అంత పెద్దగా వేయించారు.

ఆయన యూదుడండీ. మెస్సీయ ఇంకా రాలేదంటున్నారు. వచ్చేవాడు దేవుడు కాడట, దావీదు వంశంలో పుట్టే మనిషేనట, రాజై యుద్ధాలన్నీ ఆపేస్తాడట. మన ప్రభువు ఒకసారి వచ్చి మన పాపాలు మోశాడనీ, ఆ శాంతి రెండో రాకడలో వస్తుందనీ నేను చెప్పాను. ఆయన కిటికీలోంచి అమీర్‌పేట సిగ్నల్ దగ్గర కొట్టుకుంటున్న ఆటోవాళ్లను చూపించి, "మెస్సీయ వచ్చి వెళ్లినట్టుందా?" అన్నారు. పిలిచారు కాబట్టి వస్తాననీ, కానీ తాను నమ్మిందే చెబుతాననీ అన్నారు.

ఇక్కడిదాకా రాసి అమ్మకు చదివి వినిపిస్తే, "ఎప్పటిసంది ఎదురుచూస్తుండ్రు బిడ్డా వాళ్లు?" అంది. వేల ఏళ్లనుంచి అన్నాను.

"మస్తు ఓపిక! మన పాస్టరయ్య పదింటికని చెప్పి పదకొండున్నరకు వస్తేనే మనం సణుగుతం. గాయనతోనే చెప్పియ్యి."

అందుకని ఫ్లెక్సీ సంగతి మీ ఇష్టానికే వదిలేస్తున్నాను. ఆయన మాత్రం ఆదివారం సరిగ్గా పదింటికి వస్తారు. మీరు వచ్చేదాకా మైకు ఆయన చేతిలోనే ఉంటుంది.

మీ యూత్ సెక్రటరీ